తూలేవాళ్ళ ఇంట్లో మూడో ఫిల్ము

ఆ పొద్దున బాన్సువాడ దవాఖాన ఎక్స్‌రే గదిలో ఉన్నవాళ్ళు: మా పెద్ద డాక్టరు రంగనాథం గారు, కాలువ లష్కరు సాయిలు, అతని తమ్ముడు గంగారాం, వాళ్ళ తల్లి రాజవ్వ, కాలువ సెక్షన్ ఆఫీసరు, ఫిల్ములు తీసే నేను. ఉన్న వస్తువులు: పాత ఎక్స్‌రే మిషను, దాని టేబులు, గోడకు బిగించిన లైటు పెట్టె, సీసపు ఏప్రాను, ఒకే ఒక స్టూలు, హైదరాబాదు నుంచి ముందు రోజు బస్సులో వచ్చిన గోధుమరంగు కవరు. కవరులో గంగారాం తలకాయ సీటీ ఫిల్ము ఉంది. స్టూలు మీద సాయిలును కూర్చోబెట్టాం. మిగిలిన వాళ్ళం నిలబడ్డాం.

ఎనభైల నడుమ సంగతి. ఏసంగి పంటకు, అంటే రబీకి, నీళ్ళు వదిలే రోజు దగ్గర పడింది. లష్కరు అంటే కాలువ కట్ట వెంట తిరుగుతూ తూములు ఎత్తి దించేవాడు. సాయిలుకు ఇక కట్ట మీద నడవడం చేతకాదు. అప్పట్లో ఆ పని ఒకే ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పోవడం మామూలే. గంగారాంకు ఒళ్ళు బాగుందని డాక్టరు రాసిస్తే పని ఆ ఇంట్లోనే ఉంటుంది. లేకపోతే వేరే ఇంటికి పోతుంది. ఆ ఇంటికి వేరే ఆదరువు లేదు. చిక్కు ఎక్కడంటే, గంగారాం కూడా తూలుతున్నాడు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మిషన్ల గురించి అడుగుతుంటారు. మిషన్లు మారిపోతాయి. నేను చేరినప్పటి మిషను ఇప్పుడు పాత ఇనుముకు కూడా పోదు. ఎప్పుడు చేరాను, ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది అన్నవి సర్వీసు రిజిస్టరులో ఉంటాయి, ఎవరికీ పనికిరావు. అందుకే ఈ ఒక్క ఇంటి సంగతి రాస్తున్నాను. ఫిల్ము ఏం చెబుతుందో, ఏం చెప్పదో నాకు ఈ ఇంటివల్లే తెలిసింది.

నోరు వాసన చూసే పద్ధతి

రంగనాథం గారిది గుంటూరు వైపు. చెయ్యి మంచిది, నోరు చెడ్డది. తూలుతూ వచ్చిన ప్రతి మనిషినీ ముందు “నోరు తెరువు” అనేవారు. మా దిక్కున అది మరీ తప్పు పద్ధతి కాదు. కల్లు దుకాణం లేని ఊరు లేదు. పడి దెబ్బలు తగిలించుకుని వచ్చేవాళ్ళలో చాలామంది ఆ దారిన వచ్చినవాళ్ళే. పద్ధతి చాలాసార్లు నిజమైతే మనిషి దాన్ని నమ్మడం మొదలుపెడతాడు. ప్రమాదం అక్కడే ఉంది.

సాయిలు మొదటిసారి వచ్చింది మణికట్టు విరిగి. తూము దించుతూ కాలువలో పడ్డాడు.

“ఎంత తాగావయ్యా?”

“తాగలే సారూ. ఎన్నడు ముట్టలే.”

“మరి కాలువలో ఎలా పడ్డావు?”

“నడుస్తుంటే పడ్డ.”

“నోరు తెరువు.”

తెరిచాడు. వాసన లేదు. “పొద్దున తాగుంటావు, ఈపాటికి పోయింది” అని డాక్టరు గారు బయటికి వెళ్ళిపోయారు.

నేను అతని చెయ్యి ఫిల్ము ఉన్న క్యాసెట్ మీద పెడుతున్నాను. సాయిలు నా వంక చూసి అన్నాడు: “వాసనొస్తే తాగిండంటరు. రాకుంటే తాగి కడుక్కున్నడంటరు. ఇగ నేనేం జెయ్యాలె ఫోటో సారూ?”

కోటగిరి వైపు వాళ్ళ ఊళ్ళో ఆ ఇంటికి ‘తూలెటోళ్ళు’ అనే పేరు స్థిరపడిపోయిందని తర్వాత తెలిసింది. తండ్రి అలాగే తూలి తూలి మంచాన పడి పోయాడు. సాయిలు అక్క పోశవ్వ కూడా అలాగే తూలి మంచాన పడింది. ఊరంతా తాగుడు అనుకుంది. ఆడమనిషి కూడా అంత తాగుతుందా అని ఎవరూ ఆగి అడగలేదు.

రెండోసారి సాయిలు మోకాలు పగిలి వచ్చాడు. మొదటిసారి వాసన రాకపోవడం మనసులో ఉందేమో, ఆ రోజు డాక్టరు గారు నోరు తెరవమనలేదు. “నీ ముక్కు ముట్టుకుని, నా వేలు ముట్టుకో” అన్నారు. సాయిలు వేలు ముక్కు దాటి చెంపకు తగిలింది. డాక్టరు గారి వేలి దగ్గరికి వచ్చేసరికి వణుకుతూ పక్కకు పోయింది. “మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?” అని అడిగారు. సాయిలు చెబుతూ పోయాడు. డాక్టరు గారు అంతా విని అన్నారు:

“నిన్ను తాగుబోతు అన్నాను. అది నా పొరపాటు. నీది రక్తంలో వచ్చిన జబ్బు.”

“ఏందీ సారూ, నిజంగనా?”

“నిజంగానే.”

సాయిలు ఏడుస్తాడనుకున్నాను. నవ్వాడు. “రోగమైతే మంచిదాయె సారూ. సచ్చేదాక తాగుబోతనిపిచ్చుకోవాల్నని ఫికరుండె” అన్నాడు.

మర్నాడు రంగనాథం గారు స్వయంగా కాలువ ఆఫీసుకు వెళ్ళి, నలుగురూ వినేలా, సాయిలు తాగడని, అది జబ్బని చెప్పి వచ్చారు. పెద్ద డాక్టరు నడిచి వెళ్ళి తన మాట తాను వెనక్కి తీసుకోవడం నేను నా మొత్తం సర్వీసులో మళ్ళీ చూడలేదు. ఆయన నోటిని ఆ ఒక్క పనికి క్షమించాను.

గోబిగడ్డ ఆకులు

సీటీ మిషను హైదరాబాదుకు కొత్తగా వచ్చిన రోజులు. దాని మీద పని నేర్చుకోవడానికి నన్ను కొన్నాళ్ళు అక్కడికి పంపారు. నరాల జబ్బుల ప్రొఫెసరు గారు ఈ ఇంటి సంగతి విని, అందరినీ తీసుకురమ్మన్నారు. సాయిలును, పోశవ్వను నేనే బస్సులో తీసుకెళ్ళాను. పోశవ్వను ఇద్దరం మోసుకుని ఎక్కించాం. కండక్టరు టికెట్లు కొడుతూ “మోసుకొచ్చినా ఫుల్ టికెటే” అన్నాడు. అందరికన్నా ముందు పోశవ్వే నవ్వింది.

తల వెనక భాగంలో, మెడకు పైన చిన్న మెదడు ఉంటుంది. నడక, చేతి గురి, మాట తీరు, చూపు నిలకడ దాని చేతిలో ఉంటాయి. గోబిగడ్డను, అదే క్యాబేజీని, అడ్డంగా కోస్తే ఆకులు ఒకదానికొకటి అతుక్కుని ఎలా కనిపిస్తాయో, ఆరోగ్యమైన చిన్న మెదడు అలా ఉంటుంది. ఈ జబ్బులో ఆకులు పలచబడతాయి. వాటి నడుమ సందులు పడి, సందుల్లో నీరు చేరుతుంది. నీరు ఫిల్ములో నల్లగా కనిపిస్తుంది. సాయిలు ఫిల్ములో ఆ నల్ల గీతలు స్పష్టంగా ఉన్నాయి. పోశవ్వ ఫిల్ములోనూ ఉన్నాయి.

నేను స్కేలు పెట్టి రెండింటినీ కొలిచాను. దాదాపు సమానం వచ్చింది. మళ్ళీ కొలిచాను. అంతే. సాయిలు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. పోశవ్వ ఆసరా లేకుండా కూర్చోలేకపోతోంది. నాకు ఇది నచ్చలేదు. నేను లెక్కలు నమ్మే మనిషిని. ప్రొఫెసరు గారిని అడిగాను.

ఆయన ఓపికగా చెప్పారు. “ఎన్నో ఇళ్ళవాళ్ళ ఫిల్ములు పక్కపక్కన పెడితే, మెదడు ఎక్కువ కుంచించుకున్నవాళ్ళే ఎక్కువ తూలేవాళ్ళుగా తేలతారు. ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క జారుతుంది. జబ్బు చిన్న మెదడు దగ్గరే ఆగదు. కింద మెదడు కాండంలోకి, వెన్నులోకి కూడా దిగుతుంది. అక్కడ ఏం జరిగిందో నీ స్కేలుకు అందదు. ఈమెకు అది ఎక్కువ దిగి ఉండవచ్చు. పైగా ఈమెకు ముందు మొదలైంది.”

“అయితే ఫిల్ము ఎందుకు సార్?”

“తప్పు దారిలో పోతుంటే ఆపడానికి.”

ఆ మాట నాకు అప్పుడు అంతగా ఎక్కలేదు.

తిరిగి వచ్చాక ఒక చెడ్డ పని జరిగింది. మా కంపౌండరు ఫిల్ము చూసి పోశవ్వ అత్తగారి వాళ్ళతో “మెదడు ఎండిపోయింది” అన్నాడు. ఎండిన చెట్టుకు నీళ్ళెందుకు అనుకున్నారేమో, ఆమెను పొద్దున ఎండలో కూర్చోబెట్టడం మానేశారు. వీపు పుండ్లు పడింది. రంగనాథం గారు కంపౌండరును తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ తర్వాత ఆయనే వాళ్ళ ఊరికి వెళ్ళి, “ఆమెకు అన్నీ అర్థమవుతాయి, అన్నీ వినిపిస్తాయి, రోజూ కూర్చోబెట్టండి” అని చెప్పి వచ్చారు. పోశవ్వ మళ్ళీ గుమ్మంలో కూర్చుంది. ఫిల్ము తీసేవాడు రోగికి అర్థం చెప్పకూడదని మాకు ఒక నియమం ఉంటుంది. అది మమ్మల్ని చిన్నచూపు చూడటానికి పెట్టింది అనుకునేవాణ్ని. కాదని అప్పుడు తెలిసింది.

మూడో ఫిల్ము

ఇప్పుడు ఆ పొద్దుటికి వస్తాను. గంగారాంకు అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. ముందు సంవత్సరం మామూలుగా నడిచాడు, నేనే చూశాను. ఇప్పుడు గుమ్మం పట్టుకుని నిలబడుతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. కళ్ళు వాలిపోతున్నాయి. తాగుతావా అని హైదరాబాదులో అడిగితే లేదన్నాడట, ఇక్కడ అడిగినా అదే జవాబు. ఆ ఇంటి మనిషిని మళ్ళీ నోరు తెరవమనడానికి రంగనాథం గారికి నోరు రాలేదు.

నేను ఫిల్మును లైటు పెట్టెకు తగిలించాను. డాక్టరు గారు కళ్ళద్దాలు నుదుటికి ఎత్తి, ముందుకు వంగి చూశారు. రాజవ్వ ఫిల్ము వంక చూడలేదు, డాక్టరు ముఖం వంకే చూస్తోంది.

“చిన్న మెదడు నిండుగా ఉంది” అన్నారు ఆయన.

“గట్లంటే రోగం లేనట్టేనా డాక్టర్ సాబ్?” అన్నాడు సెక్షన్ ఆఫీసరు.

“అలా అనలేను. మొదట్లో ఫిల్ము మామూలుగానే ఉండవచ్చు.” మళ్ళీ చూశారు. “కానీ మొదట్లో ఉన్నవాడు ఇంతగా తూలడే! వీడు వాళ్ళన్న అంత తూలుతున్నాడు. వాళ్ళన్న ఫిల్ములో అన్ని సందులుంటే వీడి ఫిల్ములో ఒక్కటీ లేదేమిటి?”

కవరులో ప్రొఫెసరు గారి చీటీ కూడా ఉంది. అందులో ఉన్నది కూడా ఇదే: నడకకూ ఫిల్ముకూ పొంతన లేదు, వేరే కారణం వెతకండి.

డాక్టరు గారు రాజవ్వ వైపు తిరిగారు. “అవ్వా, వీడు మందులేమైనా మింగుతున్నాడా?”

“ఇంగ్లీషు మందులేం లెవ్వు సారూ. నేనే ఇంట్ల నరాల బలానికి పోస్తున్న.”

“ఏం పోస్తున్నావు?”

“కల్లు.”

రాజవ్వ ధైర్యంగా చెప్పుకుపోయింది. “పెద్దోనికి పొయ్యలే సారూ, గందుకే వానికి గిట్లాయె. గీ చిన్నోన్నన్న కాపాడుకుందామని, పెద్దోడు పడ్డ సంది పొద్దుగాల రెండు సీసలు, మాపటికి రెండు. వాడు వద్దంటడు. నేనే మెడలు వంచి తాపిస్త.”

“తాగుతావా అంటే లేదన్నావేమయ్యా?” అని గంగారాంను గద్దించారు.

“తాగుడంటే దుకాణంల కూసొని తాగుడు గద సారూ” అన్నాడు గంగారాం, ముద్దగా. “గిది అవ్వ పోసే మందు.”

ఆ మాటలో అబద్ధం లేదు. మా దిక్కున చాలా ఇళ్ళలో అంతే. ఒంటి నొప్పికి, నిద్రకు, బాలింతకు తల్లి చేతితో పోసే కల్లును ఎవరూ తాగుడు లెక్కలో వెయ్యరు.

“చెట్టు కల్లా, మందు కల్లా?” అన్నారు డాక్టరు గారు.

“చెట్టు కల్లు గిప్పుడేడ దొరుకుతది సారూ? దుకాణంల సీసనే.”

మందు కల్లు అంటే తెలియని వాళ్ళకు చెబుతున్నాను. తాటిచెట్టు దిగిన కల్లు అందరికీ చాలదు. నీళ్ళు కలిపి, మత్తు తగ్గకుండా నిద్రమందు పొడి కలిపేవాళ్ళు. రోజుకు నాలుగు సీసాలు తాగినవాడు తూలక ఏం చేస్తాడు?

స్టూలు మీద సాయిలు భుజాలు ఊగుతున్నాయి. జబ్బు వల్ల అనుకున్నాను. నవ్వుతున్నాడు. “జూసినవా ఫోటో సారూ. నేను తాగకుంటనే తాగుబోతునైతి. వీడు తాగుకుంట రోగిష్టోడాయె.”

సెక్షన్ ఆఫీసరు కూడా నవ్వాడు గానీ, పోతూ పోతూ చెప్పాల్సింది చెప్పాడు. “నవ్వుడు మంచిగనే ఉన్నది. నీళ్ళిడిచే దాక ఆగుత. అటెంక నా చేతుల లేదు.”

వార్డు గుమ్మం

కల్లు మానితే తూలడం పోతుందా, కింద అసలు జబ్బు కూడా ఉందా అన్నది మానితే గానీ తెలియదు. రాజవ్వ ఆ రోజే పూర్తిగా మానిపిస్తానంది. డాక్టరు గారు గట్టిగా వద్దన్నారు. మందు కల్లు ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు వస్తాయి, ప్రాణం కూడా పోవచ్చు. కల్లు దుకాణాలు బందయినప్పుడల్లా మా వార్డు ఎందుకు నిండేదో ఇక్కడ పనిచేసిన వాళ్ళకు తెలుసు. గంగారాంను వార్డులో చేర్చి, మాత్రలు వేసి, వాటిని మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు.

మొదట అధ్వానమైంది. చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. గోడ మీద చీమల బారు పోతోందని గంగారాం అరిచాడు. గోడ మీద ఏమీ లేదు. రాజవ్వ గుండెలు బాదుకుంది. “ఆపంగనే ఎక్కువాయె! నేను జెప్పలే? నా కొడుకును సంపుతుండ్రు!”

ఒక మధ్యాహ్నం ఆమె కొంగు చాటున సీసా పట్టుకుని వచ్చింది. వార్డు గుమ్మంలో సాయిలు అడ్డంగా కూర్చుని ఉన్నాడు, కర్ర ఒళ్ళో పెట్టుకుని.

“జరుగు కొడుకా.”

“జరగ.”

“వాడు వణుకుతుండు రా.”

“వణకనియ్. నేను కూడ వణుకుతున్న. నాకు పోస్తవా?”

“నీ నోరు పడిపోను, జరుగు.”

“నన్ను దాటి పో అవ్వా. నేను లేవలేను, నువ్వు నన్ను ఎత్తలేవు. చూద్దాం.”

ఆమె గుమ్మం బయట కూలబడింది. చాలాసేపు ఇద్దరూ అలాగే కూర్చున్నారు. చివరికి నర్సమ్మ వచ్చి ఆమె చేతిలోని సీసా తీసుకుని మురికినీళ్ళ మోరీలో పారబోసింది. రాజవ్వ అడ్డం చెప్పలేదు. “నేనేనా వానికి జేసింది?” అని మాత్రం అడిగింది. “తెల్వక జేసినవ్ తియ్” అన్నాడు సాయిలు. “రోగమిచ్చింది అయ్య. గది కూడ ఆయన తెల్వకనే ఇచ్చిండు.”

వారం తిరిగేసరికి చీమలు పోయాయి. మాట విడివడింది. అన్నం అడిగి తిన్నాడు. ఇంకా కొన్నాళ్ళకు డాక్టరు గారు అందరినీ వరండాలోకి పిలిచారు. సెక్షన్ ఆఫీసరుకు కూడా కబురు పెట్టారు. వరండాలో షాబాదు బండలు పరిచి ఉండేవి. రెండు బండల నడుమ తిన్నగా పోయే గీత మీద, ఒక కాలి మడమ ఇంకో కాలి వేళ్ళకు తగిలించుకుంటూ నడవమన్నారు.

గంగారాం మొదటి అడుగు వేసి ఆగాడు. తర్వాత నడిచాడు. చివరిదాకా వెళ్ళి, తిరిగి, మళ్ళీ వచ్చాడు. చేతులు కూడా చాపలేదు.

“నడిచిండా?” అన్నాడు సాయిలు. ఆ జబ్బులో కళ్ళు ఒక చోట నిలవవు, కదిలే మనిషి అతనికి సరిగ్గా ఆనడు. “నాకు కండ్లు ఆగుతలెవ్వు. ఎవలన్న జెప్పున్రి.”

“నడిచిండు సాయిలన్నా. గీత తప్పలే” అన్నాను నేను.

రాజవ్వ బండల మీద కూర్చుండిపోయింది. సెక్షన్ ఆఫీసరు, “ఇగ రాసియ్యున్రి డాక్టర్ సాబ్. సోమవారం నీళ్ళిడుస్తున్నం” అన్నాడు. ఆ రోజు మా దవాఖానలో అందరం టీ తాగాం. తిట్లు తిన్న కంపౌండరే తెప్పించాడు.

రాసింది, రాయనిది

డాక్టరు గారు పనికి తగినవాడని రాసిచ్చారు. కాగితంలో పట్టని సంగతిని గంగారాంను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పారు. “ఈ రోజు నీకు జబ్బు లేదు. ఇది తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ రావడానికి సగం, రాకపోవడానికి సగం. నీది ఏ సగమో చెప్పే పరీక్ష ఇప్పుడు లేదు. ఫిల్ము నిండుగా ఉందని నేను రేపటి మాట ఇవ్వలేను.”

“గట్లంటే రేపు రావచ్చునా సారూ?”

“రావచ్చు. రాకపోవచ్చు. మీ నాయనకు, అన్నకు ముప్పై దాటాక వచ్చింది. నువ్వు నలభై అయిదు దాటి తిన్నగా నడిస్తే చాలావరకు గట్టెక్కినట్టే.”

“అప్పటిదాక ఏం జెయ్యాలె?”

“తూములు ఎత్తు. ఏడాదికోసారి వచ్చి నడిచి చూపించు. ఆ సీసా జోలికి పోకు.”

“గంతేనా? నేను ఇంకేదో అనుకున్న” అన్నాడు గంగారాం. అతని ముఖం తేటపడటం నేను చూశాను. నేనైతే ఆ సగం మాటతో నిద్రపోలేకపోయేవాణ్ని. అతను సోమవారం కట్ట మీదికి వెళ్ళాడు.

కొత్తవాళ్ళకు నా మాట ఇంతే. ఫిల్మును కొలవండి, రెండుసార్లు కొలవండి. తర్వాత ఆ మనిషి నడక చూడండి. రెండూ కలవకపోతే, కలిసేలా మనసులో సర్దుకోకండి. కలవకపోవడం కూడా ఒక జవాబే. మా అదృష్టం కొద్దీ ఆ రోజు ప్రొఫెసరు గారు, రంగనాథం గారు ఇద్దరూ సర్దుకోలేదు. సర్దుకుని ఉంటే, జబ్బు మొదలైంది అని రాసి పంపేవాళ్ళు. రాజవ్వ ఇంకో రెండు సీసాలు ఎక్కువ పోసేది.

పోశవ్వ ఆ తర్వాత మూడేళ్ళకు పోయింది. సాయిలు చాలాకాలం ఉన్నాడు. చివరికి మాట అర్థమయ్యేది కాదు గానీ, ఎగతాళి చేస్తున్నాడని మాత్రం ముఖంలో తెలిసేది. రంగనాథం గారికి బదిలీ అయ్యాక గంగారాం ఏటా నా దగ్గరికే వచ్చి, ఆ వరండాలో నడిచి, “జూసినవా?” అని వెళ్ళేవాడు. నలభై అయిదు నిండిన ఏడు రెండుసార్లు వచ్చాడు. తర్వాత రావడం మానేశాడు, నేనూ పిలవలేదు.

రిటైరయ్యే నాటికి లష్కరుగా గంగారాం సర్వీసు ముప్పై ఒక్క సంవత్సరాలు.